నలభై ఆరు దర్వాజలు

ముందుగా క్షమాపణ. నా రాత వంకర. ఒత్తులు, దీర్ఘాలు తప్పిపోతాయి. ఊరి బడిలో ఐదో తరగతి వరకే చదివాను. వకీలు దగ్గర టైపు చేయించవచ్చు గాని, ఇందులో ఉన్న సంగతి ఇంకొక మనిషి చదవకూడదని నేనే రాస్తున్నాను. సాయిప్రియా, చదవలేని చోట ఆగి, మెల్లగా చదువు.

కీర్తిశేషులు యాదగిరి కొడుకును, గోవర్ధన్‌ను. వయసు డెబ్బై ఆరు. పాల వ్యాపారం చేసి మానినవాడిని. చాంద్రాయణగుట్ట దగ్గర, అమ్మవారి గుడి వెనక గల్లీలో ఉంటాను. నా గొంతులో గడ్డ ఉంది. బుద్ధిలో ఏ లోపమూ లేదు. ఎవరూ బలవంతపెట్టలేదు, బెదిరించలేదు, ఆశ చూపలేదు. ఇంతకుముందు వీలునామా ఏదీ రాయలేదు. ఈ నెల ఇరవై నాలుగున ఆపరేషన్. మాట పోతుందని డాక్టరు చెప్పాడు. మనిషి పోతాడని చెప్పలేదు గాని, కాగితం మీద సంతకం తీసుకున్నాడు.

ఈ వీలునామాను అమలు చేసే మనిషిగా రాజమణి కూతురు సాయిప్రియను కోరుతున్నాను. ఆమెను ఇంకా అడగలేదు. ఎదురుగా నిలబడి అడిగే ధైర్యం లేక ఈ కాగితం ఆమెకే పంపుతున్నాను.

1. నేను ఉంటున్న రెండు గదులు, వెనక పశువుల కొట్టం జాగా నా భార్య రాధాబాయికి. ఆమె బతికి ఉన్నంత కాలం అమ్మడానికి ఎవరికీ హక్కు లేదు. ఆమె తరువాత నా కొడుకు అంజన్‌కు. రాధాబాయీ, నువ్వు నలభై ఏళ్ళలో ఒక్కసారి కూడా "ఆ ఆడోళ్ళు నీతోని ఏం చెప్తరు" అని అడగలేదు. నీకు ఇవ్వడానికి నా దగ్గర దానికి సరిపడినది ఏమీ లేదు. చలికాలంలో కప్పుకొనే నా ఉన్ని శాలువా తీసుకో. ఉతికించాను.

2. నేను పాలు పోయడానికి తిరిగిన సైకిలు అంజన్‌కు. వాడికి ఇంకొకటి కూడా రాయాలి. అంజన్, మొన్న అన్నం తింటూ, "బాపూ, ఆ తాళమేందో గుడి కమిటోళ్ళకు ఇచ్చెయ్యరాదు, నన్ను గూడ మెంబర్‌గ తీసుకుంటమంటున్నరు" అన్నావు. నేను కంచం తీసుకుని లేచాను. జవాబు ఇదే. ఇవ్వను. నీ మీద కోపం లేదు.

3. ఇప్పుడు అసలు సంగతి. మా గుడిలో మొక్కుల పుస్తకం ఉంది. ఆడవాళ్ళు మొక్కుకున్న రోజున మొక్కు రాయించుకుంటారు. తీరినాక వేలిముద్ర వేస్తారు. మొక్కు తీరినవాళ్ళ బోనం ముందు లేస్తుంది, వాటి వెనక తక్కినవి ఇళ్ళ వరుస నంబరు ప్రకారం, అది మా గల్లీ కట్టడి. రాసేవాడికి, మొక్కుకున్న ఆమెకు, అమ్మవారికి తప్ప ఆ మాట ఎవరికీ తెలియకూడదు. నలభై ఏళ్ళు ఆ పుస్తకం నేనే రాశాను. నా అక్షరాలు బాగుండి కాదు. నేను మాట్లాడనని.

మూడేళ్ళ కిందట ఎవరో ఒక పేజీ చింపారు. ఎవరి మొక్కు ముందు అని బోనాల రోజునే గుడి ముందు లొల్లి అయింది. అప్పుడు కమిటీ ప్రెసిడెంటు నందకిశోర్ తన అల్లుడు వేదాంత్‌ను తీసుకొచ్చాడు. వేదాంత్ కంప్యూటరు కంపెనీలో ఇంజనీరు. బ్లాక్‌చెయిన్ అనే పుస్తకం పెడదామన్నాడు. అది ఒక చోట ఉండదట. వేల మిషన్లలో ఒకే పుస్తకం ఉంటుందట, ఒకదాని తరువాత ఒకటి గొలుసులా కట్టి. "తాతా, ఇగ దీంట్ల పేజీ చింపేటోడు పుట్టలే" అన్నాడు. నందకిశోర్ చప్పట్లు కొట్టాడు. నేనూ కొట్టాను. అది రాయకుండా ఉండలేను.

4. తప్పు ఎవరిదో ఇక్కడ రాస్తున్నాను. తరువాత ఎవరూ వేదాంత్ మీద పెట్టకూడదు. "పేర్లు పెట్టం తాతా, ఏదన్న ఒక గుర్తు చెప్పు, ఇల్లు తెలువకుంట" అని అతను నన్ను అడిగాడు. ఇంటి బోనం వరుస నంబరు పెట్టమని నేను చెప్పాను. అందరి నంబర్లూ నాకు నోటికి వచ్చు, రాయడం సులువు అనుకున్నాను. నాకు నోటికి వచ్చినవి గల్లీలో పదేళ్ళ పిల్లకు కూడా నోటికి వచ్చని తోచలేదు. తాతల నాటి నుంచి ఆ వరుస మారలేదు. ముప్పై ఒకటి అంటే రాజమణి ఇల్లు. ఎవరిని అడిగినా చెబుతారు.

పుస్తకాన్ని ఎవరైనా ఫోనులో చూసుకోవచ్చని గుడి గోడకు ఒక కాగితం అతికించారు. ముప్పై ఒకటి ఎదురుగా రాజమణి మొక్కు ఉంది. మందులు పని చేస్తే చాంద్రాయణగుట్ట చౌరస్తా నుంచి నడిచి బోనం తెస్తానని. ఏ మందులో నేను రాశాను, ఆమె చెప్పింది చెప్పినట్టు. ఆ జబ్బు పేరు ఇక్కడ రాయను. బతికినంత కాలం మందు మింగితే మనిషి మామూలుగా బతికే జబ్బు. పేరు వింటే జనం గ్లాసు పక్కన పెట్టే జబ్బు.

రాజమణి కంచన్‌బాగ్ పోయే దారిలో బండి మీద ఇడ్లీ అమ్మేది. వారంలో బండి ముందు ఎవరూ నిలబడలేదు. ఒకామె మా గడపలోనే నిలబడి, "గా చేతులతోనే రుబ్బిందంట పిండి, ఇన్నొద్దులు తిన్నం సూడు" అంది. నేను లోపలే ఉన్నాను. బయటికి రాలేదు. మందులు ఇచ్చే చోట గల్లీవాళ్ళు కనబడతారని రాజమణి అక్కడికి పోవడం మానింది. పదిహేను నెలలు బతికింది. ఒకరోజు పాలు తీసుకుంటూ నాతో అన్న ఆఖరి మాట, "గోవర్ధనన్నా, నువ్వు ఎవ్వరికి చెప్పలేదని నాకు ఎరుకే." అది తిట్టు అయితే బాగుండేది.

5. సాయిప్రియా, మీ అమ్మ పోయిన పన్నెండో రోజున నువ్వు వచ్చి ఒక్కటే అడిగావు. "తాతా, మా అమ్మది దాంట్లకెళ్ళి తీసేస్తవా?" నేను వేదాంత్ దగ్గరికి పోయాను. అతను కంప్యూటరు తెరిచి చూపించాడు. "ఒక్క మిషన్ల తీస్తే తక్కినయి ఒప్పుకోవు తాతా. గందుకే గదా పెట్టింది" అన్నాడు. నీకు ఆ మాట చెప్పడానికి మీ ఇంటి దాకా మూడుసార్లు వచ్చి వెనక్కి పోయాను. ఇప్పుడు చెబుతున్నాను. తీయలేము. నువ్వు ముసలిదానివి అయినా అది అక్కడే ఉంటుంది.

6. రాజమణి సంగతి బయటపడిన నెలలోనే నేను పట్టుబట్టి, అప్పటి నుంచి వచ్చిన మొక్కులకు తాళం వేయించాను. నూట నలభై మూడు ఉన్నాయి. గొలుసులో అందరికీ కనబడతాయి గాని, పిచ్చి అక్షరాలుగా కనబడతాయి. తెరవాలంటే పన్నెండు మాటలు కావాలి. అవి ఇంగ్లీషు మాటలు. నాకు చదవడం రాదు. వేదాంత్ మొహం పక్కకు తిప్పుకుని ఉండగా, స్క్రీను మీద ఉన్నది బొమ్మలు గీసినట్టు గీసుకున్నాను. ఇంకెవరి దగ్గరా లేవు.

నందకిశోర్ ఇప్పుడు రోజూ వస్తున్నాడు. "నువ్వు పోయినంక గుడి ఆస్తి ఎవరు తెరుస్తరు గోవర్ధన్? గిట్ల పట్టుకోని కూసుంటే ఎట్ల?" అంటాడు. నందకిశోర్‌కు నా జవాబు: మొక్కు గుడి ఆస్తి కాదు. మొక్కుకున్న ఆమెది. నీకు నేను వదులుతున్నది కమిటీ గదిలో నేను కూర్చునే ముక్కాలి పీట. దాని మీద పుస్తకం రాశాను. నువ్వు కూర్చో, నడుము నొప్పి వస్తే తెలుస్తుంది.

7. వేదాంత్‌కు నా భూతద్దం. నాకు అబద్ధం చెప్పకుండా ఉన్నది నువ్వు ఒక్కడివే. మొన్న అడిగాను, ఈ తాళం ఎన్నాళ్ళు ఆగుతుందని. "ఇప్పటికైతే ఫికర్ లేదు తాతా. ఇరవై, ముప్పై ఏండ్లకు పెద్ద మిషన్లొస్తె చెప్పలేం. కాపీలైతే లోకం మీద ఉన్నయి" అన్నావు. మొక్కు ఏమిటో చెప్పకుండానే మొక్కు తీరిందని రుజువు చేసే లెక్క కూడా ఉందని, మన గుడికి అది తయారు చేస్తానని అన్నావు. చెయ్యి. ఆలస్యమైంది, అయినా చెయ్యి.

8. ముప్పై ఏళ్ళంటే ఆ ఆడవాళ్ళు ఉంటారు, వాళ్ళ కొడుకులు, కోడళ్ళు ఉంటారు. కనుక ఒక్కొక్క ఇంటికీ పోయి నా నోటితో చెప్పడం మొదలుపెట్టాను. "నువ్వు నాతో చెప్పినదానికి తాళం ఉంది, ఆ తాళం నీ జీవితకాలం ఆగుతుందని మాట ఇవ్వలేను, చెప్పాల్సిన వాళ్ళకు నువ్వే ముందుగా చెప్పుకో, లేదా సిద్ధంగా ఉండు" అని. తొంభై ఏడు ఇళ్ళు అయ్యాయి. కొందరు ఏడ్చారు. సంతోష్‌నగర్‌కు మారిపోయిన ఒకామె తలుపు వేసుకుంది. ఇంకా నలభై ఆరు దర్వాజలు మిగిలాయి. మాట ఇప్పటికే సగం గాలి అయింది. ఇరవై నాలుగు తరువాత అదీ ఉండదు. ఇలాంటి సంగతి కాగితం మీద రాసి ఇంటింటికీ పంపలేను. ఒకసారి రాసి ఏం చేశానో చూశావు.

9. అందుచేత ఆ పన్నెండు మాటలు, నలభై ఆరు ఇళ్ళ పేర్లు సాయిప్రియకు చెందాలి. పేర్ల కాగితంలో మొక్కులు లేవు. ఏ ఆమె అయినా తాను చెప్పింది చూడాలంటే, ఆమె ఎదుటే తెరిచి ఆమెదే చూపించాలి. నలభై ఆరో దర్వాజ అయ్యాక రెండు కాగితాలూ కాల్చెయ్యాలి. నా కొడుకు గాని, కమిటీ గాని, పోలీసులు గాని అడిగినా ఇవ్వకూడదు.

సాయిప్రియా, ఇది బహుమానం కాదు. మీ అమ్మకు నేను చేసినదానికి బదులూ కాదు. ఆ గల్లీలోకి నువ్వు అడుగు పెట్టనన్నావని విన్నాను. ఆ తలుపుల్లో కొన్ని మీ అమ్మ బండి ముందు నిలబడడం మానినవాళ్ళవి. ఆ సంగతి తెలిసే అడుగుతున్నాను. బయటపడితే ఏమవుతుందో ఆ గల్లీలో పుట్టి చూసినదానివి నువ్వు ఒక్కదానివే.

నువ్వు వద్దంటే న్యాయమే. అప్పుడు ఆ కాగితాలు ఆస్పత్రికి పోయే రోజు పొద్దున నేనే పొయ్యిలో వేస్తాను. తాళం ఉన్నన్ని రోజులు ఉంటుంది. ఆ నలభై ఆరు మందికి మాత్రం ఎవరూ చెప్పరు. ఇరవై రెండో తేదీ సాయంత్రం దాకా ఇంట్లోనే ఉంటాను. వస్తే నా చేతితో ఇస్తాను. రాకపోయినా, అవునో కాదో ఒక్క మాట రాసి పంపు. తొందరగా పంపు, బిడ్డా.

తేదీ: 2025 సెప్టెంబర్ 9, మంగళవారం. చాంద్రాయణగుట్ట, హైదరాబాదు.

(సంతకం) గోవర్ధన్

సాక్షులు: గోవర్ధన్ మా ఇద్దరి ఎదుట సంతకం చేశాడు. లోపల ఉన్నది మేము చదవలేదు, చదవమని అతను అడగలేదు.
1. వేణుగోపాల్, కిరాణా దుకాణం, అదే గల్లీ
2. మాణిక్యమ్మ, పక్కిల్లు (వేలిముద్ర)