నూనె వెయ్యని పెడల్

మార్చి 4
రిహార్సల్. మా బ్యాండు పాటగాడు గంటన్నర ఆలస్యంగా వచ్చి, నల్లకళ్లద్దాలు కూడా తియ్యకుండా, నేను కాలితో తొక్కి వాయించే కిక్ డ్రమ్ పెడల్ కిర్రుమంటోందని గొడవ. పన్నెండేళ్లుగా అదే గోల. కాస్త నూనె వేసుకోరా బాబూ అంటాడు. పై స్థాయికి వెళ్తే తన గొంతుకి ఏ నూనె పోసినా లాభం లేదని నేనెప్పుడైనా అన్నానా.

మార్చి 9
నా సొంత ప్రోగ్రాం, ఆర్ట్ గ్యాలరీ వెనక గదిలో. రేకులు, గొలుసు, నీళ్ల బకెట్, ఒక చిన్న స్నేర్ డ్రమ్ము. జనం పదకొండు మంది. అందులో ఇద్దరు వాన తగ్గేదాకా నిలబడ్డవాళ్లు. మధ్యలో స్టాండు జారి ఇత్తడి సింబల్ పళ్లెం కింద పడింది. ఆర్నెల్లు సాధన చేసిందంతా వదిలేసి, వచ్చినవాళ్లలో ఒక గడ్డం విమర్శకుడికి ఆ పడటమే నచ్చిందట. అక్కడ కాలం ముక్కలైందట. మర బిగించడం మర్చిపోయానని చెప్పి ఆయన సంతోషం పాడు చెయ్యడం ఎందుకని ఊరుకున్నాను.

అక్క ఎప్పట్లాగే ముందు వరుసలో కూర్చుని ఐదు నిమిషాల్లో నిద్రపోయింది. నర్సు ఉద్యోగం, నిలబడి నిలబడి కాళ్లు లాగేస్తాయి. నువ్వు వాయిస్తుంటే భలే నిద్ర పడుతుందిరా అంది. ఆ గదిలో నిజం చెప్పింది తనొక్కతే.

మార్చి 17, ఉదయం 11
స్టూడియో. ప్రొడ్యూసర్ పాట వాయించనివ్వలేదు. ఒక్కో డ్రమ్మునీ విడిగా, ఒక్కో దెబ్బ, మెల్లగా మొదలుపెట్టి గట్టిగా కొట్టేదాకా. దెబ్బ మోత పూర్తిగా ఆగేదాకా అందరం ఊపిరి బిగబట్టాలి. ఆల్బంలో అక్కడక్కడా అతుకులకట. నాలుగు వందల దెబ్బలు కొట్టాను. ఏదో కాగితం ఇస్తే చదవకుండా సంతకం పెట్టి, కాఫీ తాగి వచ్చేశాను.

ఏప్రిల్ 2
టూర్ నుంచి నన్ను తీసేశారు.

ఏప్రిల్ 3
నిన్న ఇంకేమీ రాయలేకపోయాను. చెప్పింది మేనేజర్. పాటగాడికి నాతో మాట్లాడే మొహం లేదు. నా దెబ్బలన్నీ కంప్యూటర్లో ఉన్నాయట, ఇకమీదట అదే వాయిస్తుందట. నువ్వు రాకపోయినా ఉన్నట్టే అన్నా, అని ఓదార్పొకటి. నేను చదవకుండా సంతకం పెట్టిన కాగితం అదేనట. నా గొయ్యి నేనే తవ్వి, పైగా కాఫీ తాగి వచ్చాను. పన్నెండేళ్లు నేను వెక్కిరించిన పాటలే అవి. అయినా ఏడుపొచ్చింది.

ఏప్రిల్ 20
సిగ్గు లేకుండా టికెట్ కొనుక్కుని స్టేడియంకి వెళ్లాను. నేను కూర్చునే చోట ఒక లాప్‌టాప్, దాని మీద లైటు. మొదటి పాట మొదలైంది. కిర్ర్. ఇంకో దెబ్బ, మళ్లీ కిర్ర్. ఆ రోజు అందరం ఊపిరి బిగబట్టాం గానీ, పెడల్‌కి నూనె వెయ్యడం ఒక్కడికీ గుర్తు రాలేదు. బంగారు చెవుల ప్రొడ్యూసర్‌కి కూడా. గోడంత స్పీకర్లలోంచి, వెంట్రుకవాసి తేడా లేకుండా, ప్రతి దెబ్బకీ ఒక కిర్రు. పాటగాడు అలవాటుగా మెడ తిప్పి వెనక్కి చూశాడు. తిట్టడానికి అక్కడ ఎవరూ లేరు. నా కడుపు చల్లబడింది.

ఏప్రిల్ 22
పాటగాడే ఫోన్ చేశాడు. వేరేవాళ్ల దెబ్బలు పెడితే పాట తమదిలా లేదట. వచ్చి కిక్ ఒక్కటి మళ్లీ కొట్టిపెట్టరా, నూనె మేమే తెస్తాం అన్నాడు. టూర్‌లో కూర్చుని వాయించనిస్తావా అని అడిగాను. చూద్దాంలేరా అన్నాడు. ఆ మాటకి అర్థం నాకు తెలుసు. ఫోన్ పెట్టేశాను.

ఏప్రిల్ 30
గ్యాలరీ వెనక గది. డ్రమ్ము తీసేశాను. పెడల్ ఒక్కటే, నూనె వెయ్యకుండా, నలభై నిమిషాలు తొక్కాను.

అక్క నిద్రపోలేదు.