గోడలో ఉండిపోయిన తీగ

నవంబర్ 3, ఉదయం

మా ఇంటి మెయిన్ ఆపితే గోడ అవతల కుట్టుమిషను ఆగిపోయింది.

వైర్‌మన్ స్టూలు దిగి గోడకి చెవి ఆనించాడు. మళ్లీ మెయిన్ వేశాడు. మిషను గిర్రుమంది. ఆపాడు. ఆగింది. ఇంకోసారి వేసి ఆపేసరికి, ఎవడ్రా నా మోటారుతో ఆడుకునేది అని అవతల నుంచి కేక. వైర్‌మన్ నాలిక కరుచుకున్నాడు.

కేకేసింది మా పెద్దమ్మ. ఇది ఒకప్పుడు తాతయ్య కట్టిన ఒకే ఇల్లు. ఆయన పోయాక నాన్నకీ పెదనాన్నకీ పడలేదు. హాలు నడిమధ్య గోడ లేచింది. అప్పటికి నేనింకా పలక మీద దిద్దుకుంటున్నాను. తర్వాత పెదనాన్న పోయాడు, అమ్మ పోయింది. గోడ మాత్రం చెక్కుచెదరలేదు. నాన్న వంతెనల పనిలో ఉంటాడు, వంతెన ఎక్కడ లేస్తుంటే అక్కడ. ఇక్కడ నేనూ, నా పుస్తకాలూ, ఒక హీటరూ.

చలి ముదరకముందే వైరింగ్ చూపించమన్నది నాన్నే. హీటర్ పెడితే ప్లగ్గు దగ్గర కమురు వాసన వస్తోందని చెప్పాను మరి.

కమురు. ఎంత మంచి మాట! పలుకుతుంటేనే ముక్కు ముడుచుకుంటుంది.

అదే రోజు, సాయంత్రం

వైర్‌మన్ తేల్చిందేమిటంటే, పెద్దమ్మ ముందుగదికి కరెంటు మా మీటరు నుంచే పోతోంది. తాతయ్య నాటి తీగ గోడలోంచి దూరి అటు వెళ్తోంది. నా హీటర్ ప్లగ్గూ ఆవిడ గదీ ఒకే అతుకు మీద వేలాడుతున్నాయి. ఆ అతుకు కాలి నల్లబడింది. తీగ మీది తొడుగు ముట్టుకుంటే పొడిలా రాలుతోంది.

గోడ కట్టినప్పుడే ఎందుకు విడదీయలేదని అడిగాను. విడదీయాలంటే ఇటువాళ్లు అటువాళ్లతో ఒక్క మాటైనా మాట్లాడాలి గదమ్మాయ్, మాటలే తెగిపోయాక తీగ ఎవరు తెంపుతారు అన్నాడు. మేస్త్రీ దాని మీదే ఇటుకలు పేర్చుకుంటూ పోయి ఉంటాడట.

పని అయ్యేదాకా హీటర్ జోలికి పోవద్దన్నాడు. అంటుకుంటే రెండిళ్లూ అంటుకుంటాయి, అగ్గికి మీ పంపకాలు తెలీవు అన్నాడు. అటు గదిలోకి కూడా వెళ్లాల్సి ఉంటుంది, ఆవిణ్ని ఒక మాట అడిగి ఉంచమని చెప్పి వెళ్లిపోయాడు.

అడగడమా! నేనా!

నవంబర్ 4

అడగలేదు.

నవంబర్ 5

నాన్నకి ఫోన్ చేసి చెప్పాను. ముందు నవ్వాడు. ఇన్నాళ్లూ నా కరెంటుతో మిషను తిప్పుకుంటూ నా మీదే రుసరుసలాడిందన్నమాట మీ పెద్దమ్మ అన్నాడు. తర్వాత గొంతు మారింది. వైర్‌మన్‌నే పంపు, నువ్వు మాత్రం ఆ గడప తొక్కకు, మీ అమ్మ పోయిన రోజు గోడ పక్కనే ఉండి కూడా రాలేదు అన్నాడు. మనం కబురు పెట్టామా అని అడగాలనిపించింది. అడగలేదు. వంతెన మీద పనుందని ఫోన్ పెట్టేశాడు.

నిఘంటువులో ‘దాయాది’ వెతికాను. తిట్టనుకునేదాన్ని. ఆస్తిలో భాగం ఉన్నవాడని అర్థమట. మా రెండిళ్లకీ ఉమ్మడిగా మిగిలిన ఆస్తి ఒక కాలిన అతుకు.

నవంబర్ 6

స్వెట్టర్ మీద స్వెట్టర్ వేసుకుని ఎసైన్‌మెంట్ రాస్తున్నాను. వేళ్లు కొంకర్లు పోతున్నాయి.

ఒక సంగతి. రోజూ నేను లైబ్రరీ నుంచి వచ్చి హీటర్ పెట్టుకున్న కాసేపటికే పెద్దమ్మ మిషను ఆగిపోయేది. నా అలికిడి కూడా గిట్టదు కాబోలు అనుకునేదాన్ని. హీటర్ మానేసినప్పటి నుంచి మిషను ఆగడం లేదు. నేను అన్నం తిని, గిన్నెలు తోమి, దుప్పటి ముసుగేసుకునేదాకా కుడుతూనే ఉంది. పెద్ద ఆర్డరేదో వచ్చినట్టుంది.

నవంబర్ 8

నేను అడగనని అర్థమైపోయి వైర్‌మనే వెళ్లి అటు తలుపు కొట్టాడు. చాలాసేపటికి తిరిగొచ్చాడు. ఆవిడ ఒప్పుకుందట. అయితే పని సంగతి కంటే ముందు, ఆ పిల్ల ఊళ్లో లేదా అని అడిగిందట.

ఉందిగా అన్నాడట ఇతను.

మరి నా బల్బెందుకు గుడ్డిగా అవడం లేదు అందట.

వైర్‌మన్‌కి వెంటనే వెలిగింది. నా హీటర్ లాగినప్పుడల్లా అవతల బల్బు మందగించేది. అది చూసి ఆవిడ, పిల్ల ఇల్లు చేరిందిలే అనుకుని, మిషను కట్టేసి, తలుపు గడియ పెట్టుకునేదట. వాళ్లమ్మ పోయినప్పటి నుంచీ ఇదే అలవాటైపోయింది, ఈ నాలుగు రోజులూ చేరిందో లేదో తెలియక చస్తున్నాను అందట.

నాకు చెప్పమందా అని అడిగాను. చెప్పొద్దంది, అందుకే చెబుతున్నా అన్నాడు.

ఏం చేయాలో తోచక అతనికి మంచినీళ్లిచ్చాను. తాగేసి, ఇంకేమైనా ఉంటే పనయ్యాక ఇద్దువుగాని అన్నాడు.

ఇంటికొస్తే వచ్చావా అనేవాళ్లు లేరని ఈ డైరీలో ఎన్ని పేజీలు నింపానో.

నవంబర్ 10

పని అయిపోయింది. అంతా కొత్త తీగలు. ఏ చిన్న తేడా వచ్చినా దానంతటదే ఆగిపోయే ట్రిప్పర్ పెట్టాడు. పెద్దమ్మ ముందుగది ఆవిడ మీటరుకి కలిసింది. గోడలోంచి పాత తీగ లాగితే నల్లటి ముక్క చేతికొచ్చింది. పారేయబోతుంటే అడిగి తీసుకున్నాను. కన్నం సిమెంటుతో పూడ్చేశాడు. ఇక నిశ్చింతగా పడుకో అమ్మాయ్ అన్నాడు.

హీటర్ పెట్టాను. కమురు వాసన లేదు. గది వెచ్చబడింది. అవతల మిషను కుడుతూనే ఉంది.

నిశ్చింత మంచి మాటే. ఇవాళ నచ్చలేదు.

నవంబర్ 12

లైబ్రరీ నుంచి వస్తుంటే పెద్దమ్మ వాళ్ల గుమ్మం మెట్టు మీద కూర్చుని ఉంది. తలకి శాలువా. ఒళ్లో చొక్కా, చేతిలో సూది. లోపల అంత వెలుతురుండగా వీధి దీపం కింద గుండీలు కుట్టడమేమిటి?

నన్ను చూడగానే తల దించేసుకుంది. నేను తాళం తీసిన చప్పుడుకి లేచింది. దగ్గుకుంటూ లోపలికి వెళ్లింది. గడియ పడింది.

పెద్దమ్మా అని పిలవబోయాను. ఇన్ని మాటలు పోగేసుకున్నాను, ఆ ఒక్కటి పలకడం చేతకాలేదు.

నవంబర్ 13

పుస్తకం సగంలో వదిలేసి తొందరగా వచ్చాను. అయినా మెట్టు మీదే ఉంది. దగ్గు ఎక్కువైంది. ఒళ్లో నిన్నటి చొక్కాయే. నిన్నటి గుండీయే.

నవంబర్ 14

మధ్యాహ్నం వైర్‌మన్ దుకాణానికి వెళ్లాను. ఇల్లు చేరగానే నేను నొక్కేలా గోడకి ఇటు స్విచ్, అటు బెల్ పెట్టొచ్చా అని అడిగాను. బ్యాటరీది పెట్టొచ్చన్నాడు. సన్నటి తీగ చాలట, షాకు రాదు, అగ్గి రాదు. మొన్ననేగా తెంపించావు, అప్పుడే మళ్లీ కలపమంటున్నావా అని నవ్వాడు. తర్వాత స్క్రూడ్రైవర్ నా వైపు చూపిస్తూ, ఈసారి నేను అడగను, నీ నోటితో నువ్వే అడగాలి అన్నాడు.

నాన్నకి చెప్పాను, పెద్దమ్మ మెట్టు మీద కూర్చుంటోందని కూడా. ఈసారి నాన్న గడప మాట ఎత్తలేదు. ఆ దగ్గుకి మందేమైనా వాడుతోందా అన్నాడు.

నవంబర్ 15

రేపు పొద్దున్నే, వైర్‌మన్ రాకముందే, ఆ మెట్టు ఎక్కాలి. అద్దం ముందు నిలబడి పలికి చూసుకున్నాను.

పెద్దమ్మా, మన గోడకి చిన్న కన్నం పెట్టుకుందామా?