మా మంచం ఆస్పత్రిలో ఉంది

అమ్మా,

మామగారు నిన్న ఇంటికొచ్చేశారు, గండం గడిచింది. ఊపిరి అందక సర్కారు ఆస్పత్రికి తీసుకెళితే గేటు దగ్గరే "మంచాల్లేవమ్మా, ఇంకోచోట చూసుకోండి" అన్నారు. మీ అల్లుడు వడ్రంగి కదా, ఒళ్లుమండి ఇంటికొచ్చి, తను చేసిన మా పడకమంచం ఊడదీసి పట్టుకెళ్లి వార్డులో బిగించేశారు. డాక్టరమ్మ నోరెళ్లబెట్టి, "సరే, పడుకోబెట్టండి" అంది.

నిన్న మంచం వెనక్కి అడగబోతే, దానికి నంబరు వేసి ఎవరో పెద్దావిడను పడుకోబెట్టారు. అడక్కుండానే వచ్చేశాం. మేం నేలమీదే పడుకుంటున్నాం, పాత బొంతలుంటే పంపు. నాన్న మాస్కు ముక్కుకు పెట్టుకుంటున్నారా, గడ్డానికా? చెల్లిని అడిగానని చెప్పు.

ఆస్పత్రిలో మంచాలు పెంచామని సర్కారువాళ్లు టీవీలో ఒకటే గొప్పలు. నిజమేనమ్మా, ఒకటి పెరిగింది. అది మాదే.

నీ పెద్దకూతురు