ఇంజన్ లేని సబ్‌మెరైన్

నవాగామ్, మేడ మీది గది
ఏప్రిల్ 2021

నా చెల్లె, నా శత్రు రాణి సంతోషికి,

బుట్ట అందింది. అన్నం తిన్నాను. మిరియాల చారు మాత్రం ఇక పంపొద్దని అమ్మకు చెప్పు, రుచి తెలియదు గానీ గొంతు మండుతోంది. మాట్లాడితే దగ్గు తన్నుకొస్తోంది కాబట్టి ఫోన్ చేయొద్దు. ఏమన్నా ఉంటే నాలుగు ముక్కలు రాసి బుట్టలో వెయ్యి, తాడు లాక్కుంటాను.

నాకు కరోనా వచ్చిందని మన ఆట ఆగకూడదు. చీర డిజైను కోసం జకార్డు మగ్గాల అట్టలకు బెజ్జాలు కొట్టే చేతులు ఇవి, ఊరికే ఉండమంటే ఉండవు. పంచు, పాత అట్టలు నా దగ్గరే ఉన్నాయి. ఈసారి డుమస్ సముద్రం నాది, హజీరా రేవు నీది. రూల్స్ మళ్లీ చెబుతున్నా, తర్వాత ఏడవొద్దు. వంతు వచ్చినప్పుడు ఒక ఓడ కదపాలి, కొత్త విద్య కోసం అట్ట మీద ఒక బెజ్జం కొట్టాలి. మూడు బెజ్జాలకు ఒక విద్య. ముందు ఇంజన్, తర్వాత ఇనుప తొడుగు, ఆ తర్వాతే సబ్‌మెరైన్. వరుస తప్పితే తొండి. కొట్టిన బెజ్జం పూడ్చకూడదు. అట్ట మీద ఒక్క బెజ్జం తప్పు పడితే చీరంతా పాడవుతుంది, ఓడకైనా అంతే.

ఇంకో మాట. ఎదురింటి సోమలింగం కాకను అంబులెన్స్‌లో తీసుకుపోయారు. మనిషి తిరిగి రాలేదు, కడసారి మొహం కూడా చూపించలేదు. నన్ను అట్లా పంపొద్దు. అంబులెన్స్‌ను పిలవనని అమ్మ మీద ఒట్టు వేశావు, మరిచిపోకు. వేలికి పెట్టుకునే మిషన్ ఆక్సిజన్ తొంభై ఏడు చూపిస్తోంది, భయం లేదు. అమ్మ ప్రేమకొద్దీ లోపలికి వస్తుందని తలుపుకు గడియ పెట్టుకున్నాను.

నా వంతు: ఇంజన్‌కు మొదటి బెజ్జం.

నిన్ను ముంచబోయే అన్న,
పరమేశ్

---

అన్నా,

నన్ను ముంచడం తర్వాత, ముందు గిన్నె ఖాళీ చెయ్యి. పొద్దున పంపిన ఉప్మా అట్లాగే కిందికి దిగింది. అమ్మ దాన్ని తీసుకుని లోపలికి పోయింది.

ఒట్టు వేసిన మాట నిజమే. నువ్వు చిన్నపిల్లాడిలా ఏడుస్తుంటే వేశాను గానీ, మనసు ఒప్పుకుని వేయలేదు. పైనుంచి నీ దగ్గు వినపడితే భయం, వినపడకపోతే ఇంకా భయం. నిజం రాయి, ఆయాసం ఉందా?

నా వంతు: నాదీ ఇంజనే, ఒక బెజ్జం. నా ఓడ రేవు దాటింది. నా పుట్టినరోజున ఒక్క బెజ్జం ఎక్కువ కొట్టుకుంటానంటే, రూలంటే రూలేనని నా అట్ట లాక్కున్నావు చూడు, ఆ కోపం ఇంకా ఉంది. ఈసారి నీ రూల్స్‌తోనే నిన్ను ఓడిస్తాను.

నీ శత్రువు,
సంతోషి

---

సంతోషీ,

సబ్‌మెరైన్ తయారైంది. నీ ఓడ మునిగింది. రేవు నాది. ఆయాసం లేదు, హాయిగా ఉంది. మిషన్ తొంభై ఏడు.

పరమేశ్

---

తొండి అన్నకు,

సిగ్గు లేదా నీకు? ఇంజన్‌కు ఒక్క బెజ్జం కొట్టినవాడివి సబ్‌మెరైన్ ఎట్లా దింపావు? జబ్బు మనిషివని ఊరుకుంటాననుకున్నావేమో, ఊరుకోను. నీ అట్ట బుట్టలో వేసి దించు, నా కళ్లతో చూడాలి.

సంతోషి

---

చెల్లె,

ఇంజన్ ఎందుకు. అట్లాంటి రూలు లేదు. అట్ట పంపుతున్నా అట్ట

---

అన్నా,

తిడతావని తెలుసు. తిట్టు, నీ నోటితో తిడితే అంతకన్నా కావలసింది లేదు. ఒట్టు తప్పాను.

నీ అట్టను వెలుతురుకు పెట్టి చూశాను. అట్టంతా బెజ్జాలే. ఒకదాని మీద ఒకటి, అంచులు చిరిగిపోయేలా. పరమేశ్ కొట్టిన అట్టకు తిరుగుండదని మీ కార్ఖానా సేఠ్ అందరికీ చెప్పేవాడు. తొండి చేసేవాడైనా అంత తిక్కగా చేయడు. పైగా అట్లాంటి రూలే లేదట! ఆ రూలు పెట్టిందే నువ్వు, దానికోసం నాతో ఎన్నిసార్లు పొట్లాడావు! నీ తలకు గాలి అందడం లేదని అప్పుడు అర్థమైంది.

ఫోన్ తీస్తే అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"ఏందే, ఆటల తొండి చేసిండని పిల్లగాన్ని దవాఖానకు పంపుతవా? నా మీద ఒట్టు వేసినవు కదనే!"

"ఏమైతే అది అయితది. జర చెయ్యి ఇడువమ్మా."

కన్నతల్లితో ఆ మాట ఎట్లా అనగలిగానో నాకే తెలియదు. ఒట్టు తప్పితే అమ్మ, నిలబెట్టుకుంటే నువ్వు. అంబులెన్స్ నంబరు నొక్కాను.

పక్కింటి అంబదాస్ అన్న గడ్డపారతో గడియ విరగ్గొట్టాడు. నువ్వు గోడకు ఆనుకుని, పంచు చేతిలో పట్టుకుని కూర్చున్నావు. పెదవులు నల్లబడ్డాయి. నన్ను చూసి "వంతు నాదే" అన్నావు. మిషన్ నీ వేలికి పెడితే డెబ్భై ఒకటి.

దవాఖాన గేటు దాటనివ్వడం లేదు. మన గల్లీ నర్సవ్వ నీ వార్డులోనే ఊడుస్తుందట, ఈ ఉత్తరం ఆమెకు ఇస్తున్నా. అమ్మ నాతో మాట్లాడటం లేదు. పొద్దున్నుంచి ఆమెకు ఒళ్లు వెచ్చగా ఉంది. ఒట్టు తగులుతోందేమోనని చచ్చిపోతున్నా అన్నా. ఒక్క ముక్క రాయి, ఏదో ఒకటి.

నీ చెల్లె,
సంతోషి

---

దవాఖాన, మే నెల

శత్రు రాణికి,

నర్సవ్వ నీ ఉత్తరం దిండు కింద పెట్టిపోయిందట. చదివే ఓపిక ఇప్పటికి వచ్చింది. అక్షరాలు వంకరపోతే సర్దుకో.

చదవగానే కోపమే వచ్చింది. ఒట్టు తప్పి నన్ను ఇక్కడ పడేశావని. అప్పుడే పక్క మంచం మనిషి పోయాడు, మంచం ఖాళీ చేశారు. ఆయన కూడా ఇంట్లో ఆగి ఆగి వచ్చాడట. ఇక నీ మీద కోపం ఎక్కడిది?

ఒక సంగతి నీకు తెలియాలి. మొదటి రోజు తర్వాత మిషన్ వేలికి పెట్టుకోనేలేదు. అంకె తగ్గితే చూడలేనని భయం. తొంభై ఏడు అని ఊరికే రాశాను. అసలు తొండి అది.

అమ్మ జ్వరం తగ్గి మళ్లీ పొయ్యి దగ్గరికి వచ్చిందని నర్సవ్వ చెప్పింది. ఆ మాట విని మాస్కులోనే ఏడ్చాను. ఒట్టు వేయించినవాడిది తప్పని అమ్మతో చెప్పు. నీతో మాట్లాడకపోతే ఇంటికి రానని కూడా చెప్పు.

కొత్త రూలు పెడుతున్నా, రాసుకో. రూలు పెట్టినవాడే రూలు మరిచిపోతే శత్రువు వచ్చి తలుపు విరగ్గొట్టాలి. ఎవరి మీద ఒట్టు ఉన్నా సరే.

ఆ అట్ట పారేయకు. కొట్టిన బెజ్జం పూడ్చకూడదు కదా, అట్లాగే ఉండనీ. వచ్చాక కొత్త అట్ట తీసుకుని ఇంజన్ నుంచే మొదలుపెడతాను. నీ ఓడ మునగలేదు. వంతు నీది.

నీ అన్న,
పరమేశ్