గాలిపైపులో చేతిగుడ్డ

తమ్ముడు సామ్సన్‌కు ప్రభువు నామంలో వందనాలు.

ఆదోనిలో నువ్వు బాగుచేసిన నా పాత స్పోర్ట్స్ కారు వేగం తగ్గించగానే ఇంకా ఆగిపోతోంది. ఎమ్మిగనూరు మెకానిక్ ఉచ్చీరప్ప ఇంజన్ గాలిపైపు విప్పి నవ్వాడు. "పైపు పగిలింటే గుడ్డ కుక్కినాడప్పా! యాక్సిలరేటర్ మీద కాలు తీస్తే ఆగిపోక ఏం జేస్తాది?"

మూలన ఎర్ర సిలువ కుట్టిన ఆ గుడ్డ, అపొస్తలుడైన పౌలు చేతిగుడ్డలు రోగుల్ని లేపినట్టే లేపాలని ఉపవాసముండి ప్రార్థించి, నీ కూతురు జ్యోత్స్న జ్వరానికి నేనిచ్చినది. తీసుకున్న గంటకే కారు తాళం నా చేతిలో పెట్టావు. గుడ్డ ఆ కారులోనే నాతో వచ్చేసింది; బిడ్డ మీద అది పడనే లేదు.

మరునాడు "గుడ్డ కప్పగానే జ్వరం దిగిందన్నా" అని ఏడ్చావే! నాలుగు సభల్లో ఆ అద్భుతాన్నే ప్రకటించాను. యూదా కూడా యేసును ముద్దుపెట్టే అప్పగించాడు.

ఆదివారం దేవనకొండ సభకు సాక్ష్యం చెప్పడానికి రా. గుడ్డ నేను తెస్తాను, గ్రీజుతోనే.

నిన్ను నమ్మిన అన్న