కాళ్లు నేలకు ఆనే బండి

అన్నా,

ఆయన పక్కనుండగా ఫోనులో చెప్పలేక రాస్తున్నాను. నువ్వు చెప్పిన బండి కొనలేదు.

నిన్న అనంతపురంలో రెండు బండ్లూ చూశాం. నువ్వు చెప్పినది మైలేజీ ఎక్కువిస్తుంది గానీ సీటు ఎత్తు. కాలు బాగై మళ్లీ ఆయనే తోలతాడన్న ఆశతో నేను దాన్నే అడిగాను. ఆయన చేతికర్ర మీద ఆనుకుని, "రెండిటి మీదా కూర్చో" అన్నాడు. కూర్చున్నాను. నా పాదాలనే చూసి, "నీ కాళ్లు నేలకు ఆనేదే తీసుకుందాం. ఇంక తోలేది నువ్వే గదా" అన్నాడు. కాలు దెబ్బతిన్న ఈ ఏడు నెలల్లో ఆ మాట అనడం అదే మొదటిసారి.

నువ్వు నేర్పినట్టే నిదానంగా గార్లదిన్నె దాకా తోలాను. టీ అంగడి ముందు మా ఊరి జనాన్ని చూసి, నా వెనక కూర్చోవడం నామోషీ అనుకుంటాడేమోనని, "ఈడ దిగి నడుస్తావా?" అని అడిగాను.

"ఎందుకు? ఇల్లు ఆడుండాది గదా, పోనీ" అని నా భుజం పట్టుకున్నాడు.

నీ చెల్లెలు