రెండు ఆర్‌లు

అక్కకు,

నీ చెల్లెలు నమస్కరించి రాస్తున్నది. నేనిక్కడ బాగానే ఉన్నాను. అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? పిల్లలు బడికి వెళ్తున్నారా? భన్‌పురిలో ఎండ మండిపోతోంది కానీ గదిలో కూలరు ఉంది, వేళకు తింటున్నాను, బెంగపడకు. ఎవరైనా ఇటు వస్తుంటే కాస్త చింతపండు పంపు.

ఈ మూడు వారాలూ నాకు మనశ్శాంతి లేదక్కా. మా ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో పార్సిళ్ల జాబితా తీసే ప్రోగ్రాము నేనే రాశానని చెప్పాను కదా. అది పెట్టిన వారం నుంచే రాయ్‌గఢ్ వెళ్లాల్సిన పార్సిళ్లు రాజ్‌నందగావ్‌లో దిగుతున్నాయి. ఒకదానిలో ఒకావిడకు చేయించిన కృత్రిమ పాదం ఉంది. నా కాలు వచ్చిందా అని ఆవిడ రోజూ ఫోన్ చేసేది.

నా అనుమానం అప్పారావు గారి మీదకు పోయింది. తాతల నాడు మన శ్రీకాకుళం నుంచి వచ్చిన కుటుంబం. ఇరవై ఏళ్లుగా బుకింగు గుమాస్తా. కంప్యూటరు వచ్చినందుకు కడుపుమంట అనుకున్నాను. నేను దగ్గరికెళ్తే కాగితం మడిచేసేవారు. భోజనాలయ్యాక ఒక్కరే గోడౌనులోకి పోయేవారు. పార్సిళ్ల మీది చీటీలు ఆయనే మారుస్తున్నారేమోనని మా యజమాని సేఠ్‌తో అనేశాను. మర్నాడే ఆయన్ని బల్ల దగ్గర్నుంచి లేపి గేటు దగ్గర కూర్చోబెట్టారు.

అయినా పార్సిళ్లు దారి తప్పుతూనే ఉన్నాయి. అప్పుడు నాకు భయం పట్టుకుంది. పాత చీటీలు తీసి నా జాబితా పక్కన పెట్టాను. చీటీల మీద ఊరి గుర్తుగా కొన్నిటికి పెద్ద ఆర్, కొన్నిటికి చిన్న ఆర్. జాబితాలో అన్నీ పెద్దవే. చూడ్డానికి పొందికగా ఉంటుందని అక్షరాలన్నిటినీ క్యాపిటల్‌లోకి మార్చే వరుసను ప్రోగ్రాములో నేనే రాశాను.

గేటు దగ్గరికెళ్లి, ఈ రెండు ఆర్‌లేమిటని అప్పారావు గారిని అడిగాను. ఆయన తల ఎత్తలేదు.

"చిన్న ఆర్ రాయ్‌గఢ్, పెద్ద ఆర్ రాజ్‌నందగావ్. ముందు నుంచీ ఇదే హిసాబు, బేటీ. ఒక్కపాలి అడిగుంటే సెప్పీవోణ్ణి గదా."

ఆ వరుస తీసేసి, అందరి ముందూ సేఠ్‌కు తప్పు నాదని చెప్పాను. పాదం రాయ్‌గఢ్ చేరింది. అప్పారావు గారు తిరిగి తన బల్ల దగ్గరికి వచ్చారు. పలకరిస్తే పలుకుతారు. కానీ నేను పక్కన నిలబడితే చీటీల కట్ట మీద చెయ్యి పెట్టి కప్పేస్తున్నారు. నేను కాస్త దూరంగా జరిగి నిలబడుతున్నాను.

ఇది అమ్మకు చెప్పకు. బావగారికి, అత్తయ్య గారికి నా దండాలు. నన్ను బాగా తిట్టి, ఆ తర్వాత దీవించు.

నీ చెల్లెలు,
సుజాత